రజా నలుపులో మా అడవి

తొంభైల మొదట్లో నేను హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో పెయింటింగ్ చదివేదాన్ని. బొంబాయి వెళ్లొచ్చిన సీనియర్ ఒకాయన అక్కడి గ్యాలరీలన్నీ తిరిగి, సంచీ నిండా ఎగ్జిబిషన్ కేటలాగులు మోసుకొచ్చాడు. ఇంటర్నెట్ లేని కాలం. మంచి రంగుల ప్రింటు చేతికి దొరికిందంటే మాకు పండగే. ఒకరి గదిలోంచి ఇంకొకరి గదిలోకి తిరిగి తిరిగి వాటి అంచులన్నీ మడతలు పడిపోయాయి.

అందులో ఒక పేజీలో పెద్ద నల్లటి గుండ్రం. చుట్టూ బూడిద రంగు వలయాలు, కింద ఎరుపు, పసుపు, తెలుపు పట్టీలు. పేరు ఎస్.హెచ్. రజా. ఉండేది పారిస్‌లో. ఇంకేముంది, గదిలో వాదన మొదలైంది. జామెట్రీ బాక్స్ చేతిలో ఉంటే ఎవరైనా వేస్తారు కదా అంది ఒకమ్మాయి. కాదు, ఇది తాంత్రికం, పూజలో పెట్టుకునే యంత్రం లాంటిది అంది ఇంకొకమ్మాయి. మన తెలుగు చిత్రకారుడు పి.టి. రెడ్డి గారు కూడా తాంత్రిక రూపాలు వేశారని సార్లు క్లాసులో చెప్పేవారు కాబట్టి ఆ మాట మాకు కొత్త కాదు. నేను ఏ పక్షమూ పట్టలేదు. ఆ నలుపు నాకు బాగా తెలిసిన నలుపే అనిపించింది. ఎక్కడ చూశానా అని ఎంత ఆలోచించినా తట్టలేదు. పేజీ తిప్పబుద్ధి మాత్రం కాలేదు.

తర్వాత ఆయన గురించి దొరికిందల్లా చదవడం మొదలుపెట్టాను. సయ్యద్ హైదర్ రజా 1922లో పుట్టారు. ఊరు బాబరియా, ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని మండ్లా జిల్లా. నర్మద పారే అడవి ప్రాంతం, గోండుల నేల. తండ్రి అటవీ శాఖలో డిప్యూటీ రేంజర్. ఆ ముక్క దగ్గర ఆగిపోయాను. మా బాపుదీ ఫారెస్టు డిపార్ట్‌మెంటే. మేమున్నది ఆదిలాబాద్ జిల్లా జన్నారంలో, టేకు అడవి మధ్య క్వార్టర్‌లో. మా చుట్టూ ఉన్నదీ గోండు గూడేలే.

రజా తన చిన్నతనం గురించి చెప్పిన మాటలు చదివితే నాకు ఒళ్లు జలదరించింది. అడవిలో రాత్రంటే ఆయనకు విపరీతమైన భయమట. ఎక్కడో గోండులు ఆడుతున్న చప్పుడు వినబడితే, మనుషులున్నారన్న ధైర్యం వచ్చేదట. తెల్లవారితే ప్రాణం కుదుటపడేది. సంత రోజైతే ఎండలో ఊరంతా రంగులతో వెలిగిపోయేది. మళ్లీ రాత్రి. ఈ రెండే తన జీవితాన్ని ఏలాయని, బొమ్మల్లోకి వచ్చింది కూడా ఇవేనని ఆయన చెప్పుకున్నారు.

మా క్వార్టర్‌కి కరెంటు పేరుకే ఉండేది. చీకటి పడగానే అమ్మ కందిలి ముట్టించి వంటింటి గడప మీద పెట్టేది. ఆ వెలుతురు వాకిలి సగం వరకే. ఆ అవతల చెట్లు కనపడవు, ఆకాశం కనపడదు, చప్పుళ్లు మాత్రం వస్తుంటాయి. దుప్పి అరుపు ఒకటి, ఎండిన టేకాకుల మీద ఏదో నడిచిన చప్పుడు ఇంకొకటి. చిన్నప్పుడు నేను ఆ వెలుతురు అంచు దాటి అడుగు పెట్టేదాన్ని కాదు. ఆ నలుపు ఊరికే ఖాళీగా ఉన్నట్టు నాకెప్పుడూ అనిపించలేదు. నిండా ఏదో ఉంది, మనకు కనపడటం లేదు, అంతే. దీపావళి రోజుల్లో గోండులు దండారి నాట్యం ఆడేటప్పుడు డోళ్ల మోత దూరం నుంచి వినిపిస్తే మాత్రం భయం పోయి నిద్ర పట్టేది. నెమలీకల టోపీలు పెట్టుకుని ఆడే గుస్సాడీలు పగటిపూట మా వాకిట్లోకి వస్తే తమ్ముడూ నేనూ అమ్మ కొంగు వెనకాల నిలబడి చూసేవాళ్లం.

ఒకసారి నేను బయటికి రానని మొండికేస్తే బాపు నన్ను ఎత్తుకుని వాకిట్లో నిలబడి, "పొద్దుగూకినంక అడవి మనది కాదు బిడ్డా, తెల్లారినంక మళ్లా మనదే. ఇందుల భయపడేదేముంది?" అన్నాడు.

హాస్టల్లో రజా మాటలు చదువుతుంటే బాపు మాట గుర్తొచ్చింది. ఆ నలుపును ఎక్కడ చూశానో కూడా అప్పుడే తెలిసింది.

ఆయన బొమ్మలు వరసగా చూసుకుంటూ వెళ్లడం నాకు ఒక అలవాటైపోయింది. ఎవరైనా ఢిల్లీకో బొంబాయికో వెళ్తుంటే రజా మీద ఏది దొరికినా తెమ్మని చెప్పేదాన్ని. నాగపూర్ ఆర్ట్ స్కూల్లో 1939 నుంచి 43 దాకా, ఆ తర్వాత బొంబాయి జె.జె. స్కూల్లో 47 దాకా ఆయన చదువు. పొట్టకూటికి బ్లాకులు తయారుచేసే స్టూడియోలో డిజైనర్‌గా పని చేశారు. అప్పటి బొమ్మలు ఎక్కువగా నీటిరంగుల్లో బొంబాయి వీధులు, వాన, జనం. గబగబా వేసిన చేయి. చూడముచ్చటగా ఉంటాయి. ఇవి చూసి ఈయన రేపు ఆ నల్ల గుండ్రం, అదే బిందువు, వేస్తాడని ఎవరూ అనుకోలేరు.

1947లో తోటి చిత్రకారులు సూజా, హుసేన్, ఆరా, గాడే, బాక్రేలతో కలిసి ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ పెట్టారు. అదే ఏడాది తల్లి పోయింది, మరుసటి ఏడాది తండ్రి. దేశ విభజన తర్వాత అన్నదమ్ములు పాకిస్తాన్ వెళ్లిపోయారు. ఆయన వెళ్లలేదు. ఇవన్నీ రెండు మూడు వాక్యాల్లో చదివేస్తాం గానీ, పాతికేళ్ల మనిషికి అటు అమ్మానాన్నలు, ఇటు తోడబుట్టినవాళ్లు ఒక్కసారిగా లేకుండా పోవడం ఎంత దెబ్బ! తర్వాతి బొమ్మల్లో మనుషులు మాయమైపోవడానికి ఇది కారణమని ఆయన ఎక్కడైనా అన్నట్టు నేను చదవలేదు. నాకు మాత్రం అలాగే అనిపిస్తుంది. ఊళ్లుంటాయి, ఇళ్లుంటాయి, గుమ్మాల్లో ఒక్క మనిషీ ఉండడు.

1948లో కశ్మీర్ వెళ్లి అక్కడి దృశ్యాలు వేస్తున్నప్పుడు ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ ఆన్రీ కార్తియే బ్రెసాఁ వాటిని చూశాడు. నీ దగ్గర ప్రతిభ ఉంది, కానీ నీ బొమ్మల్లో కట్టుబడి లేదు, ఇల్లు కట్టినట్టు పునాది, గోడ, దూలం చూసుకుంటూ బొమ్మ కట్టాలి, వెళ్లి ఫ్రెంచ్ చిత్రకారుడు సెజాన్‌ను చదువు అని చెప్పాడట. ఇంకొకరైతే నొచ్చుకునేవాళ్లు. రజా బొంబాయి తిరిగొచ్చి ఫ్రెంచ్ నేర్చుకోవడం మొదలుపెట్టారు. 1950లో ఫ్రెంచ్ ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద పారిస్ వెళ్లి ఎకోల్ దె బోజార్ అనే ఆర్ట్ స్కూల్లో చేరారు. పదేళ్లుగా అలవాటైన చేతిని పక్కనపెట్టి మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవడం ఎంత కష్టమో కుంచె పట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఫ్రాన్స్ వెళ్లిన తొలి ఏళ్లలో వేసినవి చూడండి. 1951 నాటి 'ఓ ద కాన్య' అనే బొమ్మ ఉంది. దక్షిణ ఫ్రాన్స్‌లో కొండమీది ఊరు. ఇళ్లన్నీ గళ్లుగళ్లుగా, సన్నటి గీతలతో పేర్చి ఉంటాయి. పైన నల్లటి సూర్యుడు. అవును, నల్ల సూర్యుడే. ఆ ఏళ్ల బొమ్మల్లో ఇంకొన్నిట్లోనూ ఆ నల్ల గుండ్రం ఆకాశంలో వేలాడుతూ కనిపిస్తుంది. బిందువు 1980 ప్రాంతంలో వచ్చిందని పుస్తకాలన్నీ రాస్తాయి. ముప్పై ఏళ్ల ముందే అది ఆకాశంలో ఉంది. ఇంకా ఊరి మీదికి దిగలేదు, అంతే. ఈ సంగతి నేను కనిపెట్టాననుకుని మా సార్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన నవ్వి, చాలామంది రాశారమ్మా, అయినా నీ అంతట నువ్వు చూశావు కదా, అది మర్చిపోకు అన్నారు.

1956లో పారిస్ కళా విమర్శకులు ఇచ్చే ప్రి ద లా క్రితీక్ బహుమతి రజాకు వచ్చింది. ఫ్రెంచ్ వాళ్లు కాని వాళ్లకు అది రావడం అదే మొదటిసారి. అక్కడి నుంచి బొమ్మ మారిపోతుంది. నూనె రంగు మందంగా పడుతుంది. ఇళ్ల గీతలు కరిగిపోతాయి. గుడి గోపురం, చెట్టు, గోడ అన్నీ రంగు ముద్దల్లో కలిసిపోతాయి. 1959లో తోటి చిత్రకారిణి జనీన్ మొంజిలాను పెళ్లి చేసుకున్నారు. వేసవి వస్తే దక్షిణాన గోర్బియో అనే కొండ ఊళ్లో ఉండి పని చేసుకునేవారు.

1962లో అమెరికా వెళ్లి కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో కొంతకాలం పాఠాలు చెప్పారు. అక్కడ శామ్ ఫ్రాన్సిస్, హాన్స్ హాఫ్‌మన్, అన్నిటికన్నా ఎక్కువగా మార్క్ రాత్కో బొమ్మలు ఆయన్ను పట్టి కుదిపేశాయి. రంగు దేన్నీ వర్ణించకుండానే మనసుతో మాట్లాడగలదని రాత్కో దగ్గర చూశారు. తర్వాత నూనె రంగులు వదిలి అక్రిలిక్‌కు మారారు. ఇది చిన్న విషయం కాదు. నూనె రంగు ఆరడానికి రోజులు పడుతుంది, అక్రిలిక్ కళ్లముందే ఆరిపోతుంది. ఒక పొర ఆరీ ఆరకముందే దాని మీద ఇంకోటి పెద్ద కుంచెతో లాగేయొచ్చు. డెబ్బైల బొమ్మల్లో ఆ ఊపంతా అక్కడిదే.

ఆ డెబ్బైల బొమ్మే నేను అసలుది మొదటిసారి చూసింది. కాలేజీ అయిపోయి, ఒక స్కూల్లో డ్రాయింగ్ టీచర్‌గా చేరాక, వేసవి సెలవుల్లో స్నేహితురాలితో ఢిల్లీ వెళ్లాను. జనరల్ బోగీ ప్రయాణం, దిగేసరికి నడుములు పడిపోయాయి. అయినా సామాను గదిలో పడేసి నేరుగా ఎగ్జిబిషన్‌కి పోయాం.

గోడ మీద ఒక నల్లటి బొమ్మ. దూరం నుంచి చూస్తే అంతా నలుపే. దగ్గరికి వెళ్లేకొద్దీ ఆ నలుపు విడిపోయింది. ఒకచోట అడుగున ముదురు ఆకుపచ్చ ఉంది, ఇంకోచోట ఇటుక రంగు, మరోచోట నీలం. కుంచె వెంట్రుకలు ఈడ్చుకుపోయిన గీతలు కంటికి ఆనుతున్నాయి. ఆ చీకటి మధ్య అడ్డంగా ఎర్రటి జాడ. తెగుతూ, మళ్లీ అంటుకుంటూ, కొసన నారింజ రంగులోకి మారి ఆరిపోతూ ఉంది. ఎరుపు పక్కన ఒక చిన్న తెల్లటి గాటు. అది రంగు వేసింది కాదు, కింది పొరను అలాగే వదిలేసింది.

నేను కదల్లేకపోయాను. అది మా కొండ!

మార్చి, ఏప్రిల్ నెలల్లో మా దగ్గర అడవి కాలుతుంది. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకులు కాలబెడతారు, అది ఒక్కోసారి పాకుతుంది. రాత్రి క్వార్టర్ వాకిట్లోంచి చూస్తే ఎదురు కొండ కనపడదు. కొండ మీద మంట గీత మాత్రం కనపడుతుంది. చీకట్లో గాలిలో వేలాడుతున్నట్టు, మెల్లగా పక్కకు జరుగుతూ ఉంటుంది. బాపు మనుషుల్ని తీసుకుని ఆర్పడానికి పోయేవాడు. ఆ గీత ఒకచోట తెగిందంటే అక్కడ బాపు వాళ్లున్నారని అమ్మ మాకు చూపించేది. ఎన్ని రాత్రుళ్లు అలా కొండకేసి చూస్తూ కూర్చున్నామో! పొద్దున మసి మొహంతో, ఎర్రబడ్డ కళ్లతో వచ్చి బాపు నీళ్లడిగేవాడు.

రజా వేసింది అడవి మంటనేనని నేననను. ఆయన మనసులో ఏముందో నాకెలా తెలుస్తుంది? కానీ ఫ్రాన్స్‌లో పాతికేళ్లు ఉన్న మనిషి కుంచెలోంచి మండ్లా అడవి రాత్రి బయటికొచ్చింది. ఎదురుగా నిలబడ్డ జన్నారం పిల్లకు అది ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. ఆ బొమ్మలో చెట్టు లేదు, కొండ లేదు, మనిషి లేడు. అడవి మొత్తం ఉంది. అబ్‌స్ట్రాక్ట్ అంటే ఏమిటని నా స్టూడెంట్స్ అడిగినప్పుడల్లా నేను ఈ బొమ్మ గురించే చెబుతాను. వేరే నిర్వచనం నా దగ్గర లేదు.

ఇంత పేరు వచ్చాక కూడా ఆయనకు తృప్తి లేదు. డెబ్బైల్లో, నా బొమ్మలో నా దేశం ఏదీ అని ఆయన్ను ఒక బాధ పట్టుకుంది. మాటిమాటికీ ఇండియా వచ్చి అజంతా, ఎల్లోరా, కాశీ, రాజస్థాన్, గుజరాత్ తిరిగారు. రాగమాల చిత్రాలు, బసోలీ, మేవాడ్ సూక్ష్మచిత్రాలు (మినియేచర్లు) మళ్లీ దగ్గర పెట్టుకుని చూశారు. ఆ తర్వాతి కాన్వాసులు గదులుగా విడిపోవడం, ఒక్కో గదికీ ఒక్కో రంగు గట్టిగా పట్టడం, చుట్టూ ఎర్రటి అంచు రావడం ఆ సూక్ష్మచిత్రాల చలవే. ఇది చదివాక సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్లి రాజస్థానీ, పహాడీ చిత్రాల ముందు నిలబడి, బొమ్మలోని రాజునీ రాణినీ చేత్తో అడ్డుపెట్టి, వెనకాల ఉన్న రంగుల గళ్లు మాత్రమే చూడటం అలవాటు చేసుకున్నాను. ఎవరైనా చేసి చూడండి. ఆ పసుపు గోడ పక్కన ఆ నల్లటి గుమ్మం ఎంత ధైర్యంగా పెట్టారో తెలుస్తుంది.

1981లో 'మా' అనే బొమ్మ వేశారు. దాని మీద హిందీ కవి అశోక్ వాజపేయి పంక్తి ఒకటి దేవనాగరిలో రాశారు. అమ్మా, తిరిగొచ్చేటప్పుడు నీకేం తెస్తాను అని కొడుకు అడిగే మాట అది. ముప్పై ఏళ్లు పరదేశంలో బతికిన మనిషి ఆ మాటను కాన్వాసు మీద రాసుకున్నాడంటే ఇంక చెప్పడానికేముంది? ప్రింటులో చూసినా ఆ బొమ్మ నన్ను ఏడిపించింది. 1983లో 'సౌరాష్ట్ర' వచ్చింది. రెండు మీటర్ల ఎత్తు, రెండు మీటర్ల వెడల్పు. మట్టి, నిప్పు, ఎండ అన్నీ గళ్లలో సర్దుకున్నాయి. 2010లో అది వేలంలో 16 కోట్లకు పైగా పలికిందని పేపర్లన్నీ రాశాయి. ఆ రోజు స్కూల్లో అందరూ నన్ను ఆపి ఆ డబ్బు గురించే అడిగారు. నేను వాళ్లకు గళ్ల గురించి చెప్పాను.

బిందువు కథ చాలామందికి తెలిసే ఉంటుంది. కకైయా ఊరి ప్రాథమిక పాఠశాలలో చిన్నప్పుడు రజాకు చదువు మీద ధ్యాస నిలిచేది కాదు. నందలాల్ ఝారియా అనే మాస్టారు వరండా గోడ మీద ఒక చుక్క పెట్టి, మిగతావన్నీ మర్చిపోయి దీన్ని చూడు అని కూర్చోబెట్టారు. అరవైకి దగ్గరపడ్డాక ఆ చుక్క ఆయన దగ్గరికి తిరిగొచ్చింది. నలుపులోంచే మిగతా రంగులన్నీ పుడతాయని ఆయన నమ్మకం. నలుపు, తెలుపు, ఎరుపు, నీలం, పసుపు ఈ ఐదూ పంచభూతాలు. అక్కడి నుంచి విత్తనం, మొలక, ప్రకృతి, పురుషుడు, కుండలిని, సూర్యుడు... చివరిదాకా ఆ దారే.

నేనూ టీచర్నే కాబట్టి ఆ మాస్టారు నాకు మరీ దగ్గరగా అనిపిస్తారు. పిల్లాడు క్లాసులో కుదురుగా కూర్చోకపోతే ఎవరైనా బెత్తం తీస్తారు. ఆయన గోడ మీద చుక్క పెట్టారు. ఈ కథ తెలిశాక నా క్లాసులో అల్లరి పిల్లలకు నేను కూడా కాగితం మీద చుక్క పెట్టి ఇచ్చేదాన్ని. చూడమని కాదు, దాని చుట్టూ ఏం వేస్తావో వెయ్యి అని. ఒకడు చుక్క చుట్టూ బావి వేశాడు. ఒకమ్మాయి, అది మా నాయనమ్మ బొట్టు అని చెప్పి ముసలామెను మొత్తం వేసేసింది. ఆ కాగితాలు ఇంకా నా ట్రంకు పెట్టెలో ఉన్నాయి.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. రెండువేల తర్వాత వచ్చిన బిందువులన్నీ నాకు ఒకేలా పట్టవు. ఎనభైల బిందువు దగ్గరికి వెళ్తే గుండ్రం అంచున చేతి వణుకు తెలుస్తుంది, నలుపులో లోతు ఉంటుంది, చూస్తూ చూస్తూ లోపలికి పోతాం. తర్వాతివి కొన్ని చక్కగా, శుభ్రంగా, వెలుగుగా ఉంటాయి గానీ ఆ చీకటి పలచబడింది. ఎనభై దాటిన మనిషికి భయం తీరిపోయిందేమో, అది మంచిదే కదా అని నాకు నేను చెప్పుకుంటాను. అయినా నా ప్రాణం డెబ్బైల మీదే.

భోపాల్‌లోని కళాకేంద్రం భారత్ భవన్‌కి వెళ్లినప్పుడు ఇంకో సంగతి తెలిసింది. గోండు చిత్రకారుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్‌దీ పాత మండ్లా జిల్లానే, పాటన్‌గఢ్ అనే ఊరు. ఎనభైల మొదట్లో చిత్రకారుడు జె. స్వామినాథన్ పంపిన బృందం ఆయన్ను ఊళ్లో గోడ మీది బొమ్మలు చూసి గుర్తించి భోపాల్ తీసుకొచ్చింది. ఆయన జింక, నెమలి, పులి, దేవతలు అన్నీ చుక్కలతోనే నిండిపోయి ఉంటాయి. ఒకే అడవి, ఒకే నర్మద. చిన్నప్పుడు దూరం నుంచి గోండుల డోలు విని ధైర్యం తెచ్చుకున్న పిల్లాడు పారిస్ దాకా పోయి ఒక్క పెద్ద చుక్క దగ్గర ఆగాడు. ఆ డోలు వాయించేవాళ్ల ఇంటి పిల్లాడు వేల చుక్కలతో అడవిని నింపేశాడు. ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి ఎవరైనా ఒక మంచి ప్రదర్శన చేస్తే చూడాలని నాకు ఎప్పటి నుంచో కోరిక.

జనీన్ 2002లో పోయారు. 2010 చివర్లో రజా పారిస్ వదిలి ఢిల్లీ వచ్చేశారు. అరవై ఏళ్ల తర్వాత! అప్పటికి వయసు ఎనభై ఎనిమిది. వచ్చాక కూడా రోజూ స్టూడియోలో కూర్చుని పని చేశారు. 2016 జులై 23న కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారం మండ్లాకు తీసుకెళ్లి తండ్రి సమాధి పక్కనే ఖననం చేశారు.

ఆ తర్వాత ఒక చలికాలం నేనూ తమ్ముడూ మండ్లా వెళ్లాం. జబల్‌పూర్‌లో దిగి బస్సెక్కితే దారి పొడవునా టేకు, సాల చెట్లే. తమ్ముడు కిటికీలోంచి చూస్తూ, "అక్కా, మన జన్నారం రోడ్డే గదనే" అన్నాడు. నర్మద ఊరిని చుట్టి తిరుగుతుంది. కబ్రస్తాన్‌లో పూలు పెట్టి, కాసేపు కూర్చుని వచ్చేశాం. ఆ సాయంత్రం అంగడి జరుగుతుంటే అక్కడికి పోయాం. పసుపు కుప్పలు, ఎండు మిరప, గాజులు, ప్లాస్టిక్ బిందెలు, వెనకాల పడమటి ఎండ. ఏడు దాటేసరికి దీపాలు ఆర్పేసి అందరూ సర్దుకుంటున్నారు, అవతల చీకటి. రజా ఏం చూసి పెరిగారో ఆ గంటలో మొత్తం చూశాననిపించింది. రంగులు కళ్లకు పట్టి ఉండగానే నలుపు వచ్చేస్తుంది అక్కడ. మధ్యలో ఏదీ ఉండదు.

2023లో పారిస్ పాంపిడూ సెంటర్‌లో ఆయన బొమ్మల పెద్ద ప్రదర్శన పెట్టారు. మా తమ్ముడి కూతురు అప్పుడు ఫ్రాన్స్‌లో ఎమ్మెస్ చదువుతోంది. బొమ్మల మీద పెద్ద ఆసక్తి ఉన్న పిల్ల కాదు, నా పోరు పడలేక వెళ్లింది. అక్కడి నుంచే వీడియో కాల్ చేసింది.

"అత్తమ్మా, ఇక్కడ అన్నీ నల్ల గుండ్రాలే ఉన్నయ్. వీటిలో ఏది చూడాలె?"

"వాటి దగ్గరికి తర్వాత పోదువు గానీ, డెబ్బైలవి ఎక్కడున్నయో చూడు. నల్లగా, పెద్దగా ఉంటయ్."

నడుచుకుంటూ పోయి ఒక బొమ్మ ముందు ఫోన్ పట్టుకుంది. తెర మీద నాకు సరిగా కనపడలేదు, గాజు లాంటి మెరుపు అడ్డం వస్తోంది. కాస్త పక్కకు జరుగు, కొంచెం కిందికి అంటూ నేను ఇక్కడి నుంచి చెబుతున్నాను. ఆ పిల్ల ఉన్నట్టుండి మాట్లాడటం ఆపేసింది. ఫోన్ కిందికి దిగిపోయి నాకు దాని బూట్లు కనపడుతున్నాయి.

"ఏమే, ఉన్నవా?" అన్నాను.

"ఉన్న అత్తమ్మా. ఇది రాత్రి కదా? ఇందులో ఏదో కాలుతున్నది."

తాత సంగతి అది విన్నదే గానీ ఆ మంట సంగతి నేను ఎప్పుడూ చెప్పలేదు. అప్పుడు చెప్పాను. కొండ, ఆ గీత, అది తెగిన చోట తాత ఉండటం, పొద్దున మసి మొహంతో వచ్చి నీళ్లడగడం అన్నీ. గ్యాలరీలో జనం అటూ ఇటూ తిరుగుతుంటే అది అక్కడే నిలబడి మొత్తం విన్నది. ఈసారి ఇండియా వచ్చినప్పుడు జన్నారం తీసుకుపొమ్మంది. డిసెంబర్ సెలవుల్లో వస్తానంటే వద్దన్నాను. ఇప్పపువ్వు రాలే రోజుల్లో రమ్మన్నాను.